వదిన మొలకేసిన ఉలవలు

ఈ మధ్య పొద్దున్నే మనవడు నన్ను వనపర్తిలో కాలేజీ మైదానానికి నడకకు తీసుకుపోతున్నాడు. నేను నడిచేది తక్కువ, గోడ పక్కన బల్ల మీద కూర్చునేది ఎక్కువ. అక్కడ గేటు దగ్గర ఒకతను బండి మీద మొలకలు అమ్ముతాడు. నిన్న మనవడు ఒక దొన్నె నిండా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెసలు, శనగలు, వాటి మధ్య కొన్ని ఉలవలు. ఉప్పు చల్లి నిమ్మకాయ పిండి ఉన్నాయి. నోటిదాకా తీసుకుపోయాను. ఆ పచ్చివాసన, తడిసిన మట్టికీ అప్పుడే కోసిన గడ్డికీ నడుమ ఉండే వాసన, ముక్కుకు తగిలింది. చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందవ్వా, పులుపెక్కువైందా?" అన్నాడు మనవడు.

కాదన్నాను. ఇంటికి వచ్చాక కూడా చెప్పలేదు. చెప్పాలంటే మా వదిన కాపురానికి వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టాలి.

మాది కృష్ణకు ఇవతలి ఒడ్డు. అన్నీ చెలకలు, ఎర్రమట్టి, గుట్టలు. జొన్న, ఉలవ, కంది, ఆముదం తప్ప మరొకటి పండేది కాదు. వదినది అవతలి ఒడ్డు, గద్వాల దాటి రాయచూరు దిక్కు. మా అన్న ఆమెను తీసుకొచ్చిన నాడు నది నిండుగా పారుతోంది. పుట్టిలో, గుండ్రటి తోలు తెప్పలో, దాటించారు. అప్పుడు నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి. బండి దిగుతున్న వదిన ఒళ్ళో బొంతలో చుట్టిన మూట ఒకటి ఉంది. పెట్టెను అన్న చేతికిచ్చింది గానీ ఆ మూటను ఎవరికీ ఇవ్వలేదు. పుట్టి ఊగినప్పుడు కూడా రెండు చేతులా దాన్నే పట్టుకుని కూర్చుందట. బంగారమో దేవుడి బొమ్మో అనుకున్నాం అందరం. ఇంట్లోకొచ్చి విప్పితే లోపల ఖాళీ గాజు జాడి.

"ఏందమ్మా ఇది, తొక్కు పెట్టనీకా?" అని అడిగింది అమ్మ.

"కాదత్తమ్మా, మొళకెకు."

"మొళకె అంటే?"

"గింజలు మొలకేస్తరు గద, దానికి. మా తాత టేషను కాడి దుకాణంల అడిగి తెచ్చిండు. అండ్ల పిప్పరమెంట్లు ఉంటుండె."

అమ్మ నవ్వింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు. మా ఇంట్లో అప్పటిదాకా చేతి గాజులు, అద్దం, బుడ్డిదీపం చిమ్నీ తప్ప గాజు వస్తువు లేదు. నాకు మాత్రం ఆ జాడి పెళ్ళికూతురి కంటే అందంగా కనిపించింది.

వదిన మాటలో సగం కన్నడ కలిసేది. చూడు అనడానికి నోడు అనేది, చాలు అనడానికి సాకు అనేది. అన్నం పెట్టబోతే "సాకు సాకు" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేది. నేను వెనక నిలబడి సాకు సాకు అని వెక్కిరించేదాన్ని. ఆమెకు కోపం వచ్చేది కాదు. నా జడ పట్టుకుని దగ్గరికి లాక్కుని తలలో పేలు చూసేది.

ఎద్దుల కోసం దాచి పెట్టుకునే ఉలవల్లోంచి గుప్పెడు తీసి, రాళ్ళేరి, జాడిలో పోసి నీళ్ళు నింపేది. మూతికి పాతచీర పలచని గుడ్డ కట్టి దారంతో బిగించేది. తెల్లారి ఆ గుడ్డలోంచే నీళ్ళు వంపేసేది. పొద్దున, పొద్దుగూకేటప్పుడు కడిగి, జాడిని పక్కకు ఒరిగించి అర్రలో గూట్లో పెట్టేది. నేను గూటి కింద గంటలకొద్దీ కూర్చునేదాన్ని. గింజ ఉబ్బి, పొట్ట పగిలి, తెల్లటి ముక్కు బయటికి వచ్చేది. మర్నాటికి అది తోకయ్యేది. "నోడు పిల్లా, తోకొచ్చింది" అని వదిన జాడిని వెలుగుకు పట్టి చూపించేది.

ఒకసారి నేను ఆమె చూడకుండా చింతగింజలు రెండు, జొన్నగట్క మెతుకులు ఇన్ని జాడిలో వేశాను. జొన్నచెట్టు మొలుస్తుందని నా ఆశ. రెండో నాటికి అర్రంతా కుళ్ళు కంపు. వదిన జాడిని బూడిదతో తోముతూ, "ఉడికింది మొలవదు పిల్లా. దానికి పానం ఉండాలె గద" అంది. అంతే, అమ్మకు చెప్పలేదు.

ఆ మొలకలను ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి కూర చేసేది. నువ్వులపొడి చల్లి దించేది. జొన్నరొట్టెలో పెట్టుకు తింటే పంటి కింద కరకరమనేవి. మా నాయిన మితభాషి. ఆయన ఆ కూరను రెండోసారి అడిగి వేయించుకున్న రోజు వదిన పొయ్యి దగ్గర కూర్చుని తనలో తను నవ్వుకోవడం నేను చూశాను. అమ్మకే కొంచెం ఎబ్బెట్టుగా ఉండేది. "గింజను సగం బతికిచ్చి నోట్లేసుకునుడేందో! మా దిక్కు లేదమ్మా గిట్ల" అనేది. అంటూనే తినేది.

మరుసటేడు వదిన నెల తప్పింది. అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. చింతకాయ అడిగితే చింతకాయ, మట్టివాసన కావాలంటే గోడ మీద నీళ్ళు చల్లి చూపించేది. ఆ సంబరం ఎక్కువ కాలం ఉండలేదు. ఒక మధ్యాహ్నం నన్ను అరుగు మీదికి పొమ్మని తలుపు దగ్గరికి వేశారు. లోపల వదిన మూలుగు వినిపించింది. తర్వాత అది కూడా వినిపించలేదు. చాలాసేపటికి అమ్మ గుడ్డల చుట్ట పట్టుకుని బయటికి వచ్చింది. ఆమె కళ్ళు అర్రలో గూటి మీద పడ్డాయి. అక్కడ జాడి, దాని నిండా తెల్లటి తోకలతో ఉలవలు.

"మొలకొచ్చిందాన్నల్ల తుంచి తుంచి తింటివి గదనే!" అని అరిచింది అమ్మ. "నీ కడుపుల మొలక ఎట్ల నిలుస్తది?"

జాడిలో ఉన్నదంతా తీసుకుపోయి బర్రె కుడితిలో పోసింది. జాడిని కడిగి దాంట్లో వంట ఉప్పు పోసి పెట్టింది.

ఆ సాయంత్రమే అమ్మ వదిన పాదాలకు ఆముదం రాస్తూ, "ఏడ్వకు బిడ్డా, ఏడ్వకు. ఇయ్యాల గాకుంటె రేపు" అని తానే ఏడ్చింది. తానన్న మాట అప్పటికే ఆమెకు గుర్తు లేదనుకుంటాను. మా అమ్మ నోరు అట్లాంటిది. కోడి గడప దాటినా శాపం, పాలు పొంగినా శాపం. నీ చేతులు పడిపోను, నీ నోట్ల మన్నువడ అని తిట్టి, ఆ చేత్తోనే అన్నం కలిపి పెట్టేది. మాకు అలవాటే. వదినకు అలవాటు లేదు.

తర్వాత వానలు పోయాయి. ఒక ఏడు విత్తనం పడితే మొలిచి ఎండిపోయింది. రెండో ఏడు విత్తనమే పడలేదు. వాగు ఇసుకలో చెలిమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకుని కుండ నింపుకోవాలంటే పూట పట్టేది. గడ్డి లేక నాయిన ఎద్దులను నది ఒడ్డున ఉన్న మా మేనత్త ఊరికి తోలిపెట్టి వచ్చాడు. వచ్చిన రోజు కొట్టం వైపు తల తిప్పకుండా ఇంట్లోకి నడిచాడు. అన్న ఊరివాళ్ళతో కలిసి మట్టిపనికి బొంబాయి దిక్కు పోయాడు. పోయేటప్పటికి వదిన మళ్ళీ నెల తప్పి ఉంది. ఆ సంగతి అన్నకు చెప్పిందో లేదో నాకు తెలియదు.

ఆకు అన్నది కంటికి కనిపించేది కాదు. గట్టు మీద గురుగాకు లేదు, పెరట్లో గంగవాయిలాకు లేదు. చింతచిగురును జనం చెట్టు మీదే దూసుకున్నారు. రోజూ గట్క, అంబలి, ఇంత ఉప్పుకారం. కొన్నాళ్ళకు నాయిన రొట్టె తినడం మానేశాడు. చిగుళ్ళు ఉబ్బి నల్లబడ్డాయి. పుల్లతో పళ్ళు తోముకుంటే నెత్తురు. ఎప్పుడో కాలికి తగిలి మానిపోయిన గొడ్డలి గాయం మళ్ళీ నోరు తెరిచింది. నాకూ మోకాళ్ళు పీకేవి, ఆటకు పోబుద్ధి అయ్యేది కాదు. ఊళ్ళో చాలామందికి అదే వరస. అమ్మవారికి కోపమొచ్చిందని కొందరు, చెలిమ నీళ్ళ దోషమని కొందరు అన్నారు.

ఎద్దులు పోయాయి గాని వాటి ఉలవలు కాగులో మిగిలి ఉన్నాయి. ఒకనాడు వదిన జాడిలోని ఉప్పును కుండలోకి తీసి, జాడిని కడిగి ఎండలో పెట్టింది.

"అత్తమ్మా, మామకు మెత్తగ ఉడకపెట్టి ఇస్త. జర పచ్చివి నూరి గట్కల కలుపుత. ఆకు లేకుంటె మా అవ్వ గిట్లనె చేస్తుండె" అంది భయంభయంగా.

"ఏమన్న చెయ్ బిడ్డా, నోట్లెకు పొయ్యేటట్టుంటె సాలు" అంది అమ్మ.

కడిగిన నీళ్ళు కూడా పారబోసేది కాదు. ముంతలో పట్టి, తేరిన తర్వాత ఇంట మిగిలిన వట్టిపోయిన బర్రెకు పోసేది. మొదట్లో నాయిన ముఖం చిట్లించుకుని మింగాడు. నాకు పచ్చివే ఇష్టం, ఉప్పు అద్దుకుని నమిలేదాన్ని. నోరు మండినా వదిలేదాన్ని కాదు. నెల తిరగకముందే నా మోకాళ్ళ నొప్పి పోయింది. నాయిన చిగుళ్ళు గట్టిపడ్డాయి. కాలి గాయం మానడం మొదలుపెట్టింది. ఒక పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని రొట్టెముక్క కొరికి, నమిలి, మింగి, "కోడలా, ఇంకో రొట్టె తే" అని కేకేశాడు. వదిన ఆ కేకకు పరుగెత్తుకొచ్చింది. ఆమె అట్లా పరుగెత్తడం చూసి అమ్మ "కడుపుతోటి ఉరుకుతవేందే!" అని తిట్టింది.

సంగతి గల్లీ అంతా పాకింది. ఆడవాళ్ళు కొంగున గుప్పెడు ఉలవలో, బొబ్బర్లో, కందులో కట్టుకుని వచ్చేవాళ్ళు. జాడి ఒక్కటి ఏం చాలుతుంది? వదిన ముంతలకు, పగిలిన కుండపెంకులకు తడిగుడ్డలు చుట్టి వసారా నిండా పెట్టింది. గింజ ఎంతసేపు నానాలో, ఎప్పుడు కడగాలో చెప్పి పంపేది. మా పొలంలో కూలికి వచ్చే పెద్దామె ఒకతి, మంచం పట్టిన తన కొడుకు లేచి కూర్చున్నాడని చెప్పి, వదిన రెండు చేతులూ తీసుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ కొన్ని నెలలు మా వసారాలో ఎప్పుడూ మనుషులే. ఎప్పుడూ ఆ పచ్చివాసనే. బయట ఎక్కడా పచ్చన లేదు.

వదిన అందరికీ పెట్టేది. తను తినేది కాదు. నేను చాలా రోజులు గమనించలేదు. ఒక మధ్యాహ్నం అందరం తింటుంటే వదిన ఉత్త గట్కలో ఉప్పు కలుపుకోవడం చూసి, "వదినే, నువ్వెందుకు తినవ్?" అని అడిగాను.

"అత్తమ్మ చెప్పింది గద పిల్లా, మొలక తింటె కడుపు నిల్వదని" అంది వదిన, ఎండలో తలమీద కొంగేసుకోమని చెప్పిన మాటను గుర్తు చేస్తున్నట్టు, మామూలుగా.

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నేనా? నేనెప్పుడు చెప్పిన?"

"పోయినసారి. లోపల్నుంచి ఇన్న."

అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ముఖం తెల్లబోయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి వదిన ముందు కూర్చుంది. "అయ్యో బిడ్డా, అది కడుపుమంటల అన్న మాట. నా నోటికి అదుపుంటదా ఎప్పుడన్న? గదొక మాటేనా? తిను. నా మీద ఒట్టు, తిను."

వదిన నవ్వింది. "మీరు కోపంల అన్నా నిజమే అన్నరు అత్తమ్మా. తిన్నన్నాళ్ళు నిల్వలే. ఇప్పుడు ముట్టలే, నిలిచింది. ఇగ ఎన్నాళ్ళు, కొన్నాళ్ళే గద. పుట్టినంక ఒక పెద్దగిన్నె తింట."

నాయిన చెప్పి చూశాడు. మంత్రసానితో చెప్పించారు. "సాకు మామా, మీరు తినుండ్రి" అనేది తప్ప కదలలేదు. ఒకరోజు అమ్మ మొలకలను మెత్తగా నూరి, కారం ఎక్కువ వేసి, వదిన గట్కలో కలిపి పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక వదినకు ఆ వాసన తెలిసిపోయింది. పెరట్లోకి పోయి గొంతులో వేలు పెట్టుకుని కక్కింది. గోడకు ఆనుకుని కడుపు మీద చెయ్యి పెట్టుకుని, బిడ్డ కదిలేదాకా, కదలడం తెలిసేదాకా, అక్కడే కూర్చుంది. అమ్మ ఆమె దగ్గరికి పోవడానికి కూడా భయపడి దర్వాజలో నిలబడిపోయింది. "ఇగ కలపనమ్మా, ఇగ ఎన్నడు కలపను" అని అక్కడి నుంచే అంది.

వదిన చిగుళ్ళు నల్లబడ్డాయి. గాజులు ఒత్తుకున్న చోటల్లా చేతుల మీద కమిలిన మచ్చలు. కడుపు ఒక్కటే పెరిగింది, మనిషి సన్నబడింది. అయినా పొద్దున్నే లేచి ముంతలన్నీ కడిగేది.

వానలు ఇంకా రాకముందే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విని అరుగు మీద కూర్చున్న నాయిన దండం పెట్టుకున్నాడు. కాని మంత్రసాని బయటికి రాలేదు. అమ్మ గుడ్డల కోసం పెట్టెలు తిరగేస్తోంది. నెత్తురు ఆగడం లేదని, వనపర్తి దవాఖానకు తీసుకుపోవాలని లోపలి నుంచి కేకలు. మాకు ఎద్దులు లేవు. నాయిన కండువా కూడా లేకుండా పక్కఊరికి బండి కోసం పరుగెత్తాడు.

నన్నెవరూ పొమ్మనలేదు. తలుపు దగ్గర నిలబడి చూశాను. వదిన ముఖం తెల్లగా, గోడకు కొత్తగా పూసిన సున్నంలా ఉంది. పక్కన బిడ్డను చూపిస్తే చాలాసేపు చూసింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "పుట్టింది గద. ఇప్పుడు తింట, తెండి అత్తమ్మా" అంది.

అమ్మ వసారాలోకి పరుగెత్తింది. ఏ ముంత దొరికితే ఆ ముంత గుడ్డ ఊడదీసి గుప్పిట్లో తెచ్చింది. సగం దారిలోనే నేల మీద పడ్డాయి. నాలుగు గింజలు వదిన నోట్లో పెట్టింది. నమలడానికి ఆమెకు బలం లేదు. అవి నాలుక మీదే ఉన్నాయి. నాయిన బండి తీసుకొచ్చేసరికి దాంతో పని లేకపోయింది.

కబురందుకుని వదిన తల్లి నదిని నడిచే దాటి వచ్చింది. అప్పుడు కృష్ణలో మోకాలి లోతు కూడా నీళ్ళు లేవు. వచ్చినామె ఏడవలేదు. బిడ్డను ఒళ్ళో వేసుకుని మా అమ్మనే చూస్తూ అడిగింది.

"ఊరందరికి నా బిడ్డ మొళకె పెట్టి పానం పోసిందని తొవ్వల చెప్పిండ్రు. మరి నా బిడ్డ తినలేదా?"

ఆ ఇంట్లో ఎంతోమంది ఉన్నారు. ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు. దేవుడి రాత అనవచ్చు. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అంది:

"తినలే అక్కా. తినొద్దని నేనే అన్న. నా మాట ఇన్నది."

ఆమె పిల్లను తను పెంచుకుంటానంటే అమ్మ అడ్డం చెప్పలేదు. మేకపాలు ముంతలో పోసి దారికి ఇచ్చింది. ఊరి చివరిదాకా వెనక నడిచింది. అన్న వానలు మొదలయ్యాక వచ్చాడు. కొట్టంలో, ఎద్దులు తిరిగొచ్చిన కొట్టంలో, వాటి మెడలు నిమురుతూ రెండు మూడు రోజులు అక్కడే పడుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు మళ్ళీ పెళ్ళి చేశారు. ఆ వదిన కూడా మంచిదే.

మారింది అమ్మ. కోడి గడప దాటితే చేత్తో అదిలించేది, నోరు విప్పేది కాదు. ఏదో మొక్కు పట్టిందని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. నా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళు చేరి నువ్వులు తినొద్దు, బొప్పాయి తినొద్దు అని చెబుతుంటే అమ్మ వచ్చి మధ్యలో నిలబడింది. "నా బిడ్డకు ఎవ్వరేం చెప్పకుండ్రి" అంది. బతిమాలుతున్నట్టు అంది. వాళ్ళు విస్తుపోయి లేచి వెళ్ళిపోయారు.

వదిన కూతురు అమ్మమ్మ దగ్గరే పెరిగి పెద్దదైంది. పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. అప్పటికి నాయిన లేడు. అమ్మా, అన్నా, నేనూ పోయాం. పిల్ల అచ్చం తల్లి పోలిక, నవ్వితే మరీను. అక్షింతలు వేసే వేళ పెద్దవాళ్ళంతా వరసగా పిల్లాజెల్లాతో చల్లగా ఉండమని దీవిస్తున్నారు. పెళ్ళికూతురు మా అమ్మ కాళ్ళకు మొక్కింది. అమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. పెట్టి అట్లాగే ఉండిపోయింది. వెనక వరస ఆగిపోయింది. "దీవించవ్వా" అని ఎవరో అన్నారు. అమ్మ పెదవులు కదిలాయి. ఏమన్నదో ఎవరికీ వినిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను పక్కన కూర్చుని అడిగాను. "ఏమని దీవిచ్చినవమ్మా?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఏమనలే" అంది. "నా నోరెందుకు బిడ్డా, గంత మంచి పిల్లకు."

ఆమె పోయి కూడా ఇప్పటికి ఎన్నో ఏళ్ళయింది. నాకు తెలిసి మా అమ్మ ఆ తర్వాత ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ దీవించనూ లేదు.